సార్ ఊపిరి తీసుకున్న చోట

మొన్న మా చిన్నమ్మాయి ఫోను నా నోటి ముందు పెట్టి, "నువ్వు మాట్లాడు మమ్మీ, అదే రాసుకుంటది" అంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టు చెడిపోయి వారమైంది. సెక్రటరీ గారికి ఇంగ్లీషులో కాస్త ఘాటైన ఉత్తరం పంపాలి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "స్లో" అని ఒక చిన్న ఊపిరి. "నాయిజీ" అని ఇంకో చిన్న ఊపిరి.

"ఆయాసమొస్తుందా మమ్మీ?" అని కంగారు పడింది పిల్ల.

ఆయాసం కాదమ్మా, కామా. ఫోను మాత్రం నా ఊపిరిని ఖాతరు చేయలేదు. చెప్పిన మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి తోసి పడేసింది. దానికి మా సార్ దగ్గర చదువుకునే అదృష్టం లేదు మరి. నాకుండేది. ఆ అదృష్టం వల్లనే ఒక ఎండాకాలమంతా నాకు అన్నం సయించలేదు.

అప్పటికి కంప్యూటరంటే ఏసీ గదిలో, గాజు తలుపు వెనకాల, చెప్పులు బయట విడిచి దర్శనం చేసుకునే దేవుడు. మామూలు జనానికి టైపు మిషనే దిక్కు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి ఒక సందులోకి తిరిగితే కింద పిండి గిర్ని, దాని మీద మా ఇన్‌స్టిట్యూట్. కింద జొన్నలు నలిగేవి, పైన మేము. మెట్లెక్కుతుంటే వేడి పిండి వాసన. పై మెట్టు దాటగానే రిబ్బన్ సిరా, మిషన్లకు వేసే నూనె కలిసిన వాసన. ఇంటికెళ్ళాక నా ఓణీ ముట్టుకుని మా నాయినమ్మ, "ఇయ్యాల పిండి ఎక్కువ పట్టిచ్చిన్రా, చదువు ఎక్కువ పట్టిచ్చిన్రా?" అని అడిగేది.

టైపు గట్టెక్కి నేను షార్ట్‌హ్యాండ్‌కు వచ్చాను. ఏదో పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్ళు స్టెనోగా చేసి రిటైరైన మనిషి మా సార్. పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో రెండు వైపులా చెక్కిన పెన్సిళ్ళు. సాయంత్రం ఐదున్నరకు డిక్టేషన్. పద్నాలుగు మందిమి బెంచీల మీద వంగి కూర్చునేవాళ్ళం. సార్ ఇంగ్లీషులో చదువుతూ పోతారు, మేము వంకర గీతల్లో పట్టుకుంటాం. తర్వాత ఆ గీతల్ని చూసి మామూలు ఇంగ్లీషులో తిరగరాయాలి. చదివేవాళ్ళు ఫుల్‌స్టాపు వరకు చెప్తారు, కామా చెప్పరు. అది ఎక్కడ పడుతుందో రాసేవాళ్ళే తెలుసుకోవాలి.

"ఫుల్‌స్టాపు గుడ్డోడు గూడ పెడ్తడు. కామా పెట్టినోడే స్టెనో" అనేవారు సార్.

ఆ లెక్కన నేను గొప్ప స్టెనోని. నా కాయితం మీద సార్ ఎర్ర పెన్సిలు తిరిగేది కాదు. ముఖ్యంగా ఒక వస్తువుకు రెండు మూడు విశేషణాలు వరసగా వచ్చినచోట అందరూ తడబడేవారు, నేను ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేసేదాన్ని. ఎట్లా తెలుస్తుందని ఎవరైనా అడిగితే, "అట్లనే తెలుస్తది" అని గర్వంగా జడ వెనక్కి వేసుకునేదాన్ని. అంత గర్వం ఆ జడకు మించిన బరువని అప్పుడు తెలియదు.

ఇంట్లో నా పరువు అంతంతమాత్రం. ఇంటర్ రెండోసారికి గానీ దాటలేదు. అందుకని మా నాయిన ముందే తీర్పు చెప్పేశాడు.

"ఇంటర్ రెండుపార్లు రాసినవ్. ఇది మాత్రం ఒక్కపారే. పాసైతే వకీలు సాబ్ కాడికి పో. కాకుంటే అంబర్‌పేట పో."

నారాయణగూడలో ఒక వకీలు సాబ్ దగ్గర పాత స్టెనో మానేస్తున్నాడు. పాసైన కాయితం తెస్తే వానాకాలం నుంచి రమ్మన్నారు. అంబర్‌పేటలో మా మేనత్త ఉండేది. ఆమె ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, ముగ్గురు పిల్లలు, ఒక బర్రె. ఇంటికి ఒక ఆడపిల్ల సాయం కావాలని ఏడాదిగా అడుగుతోంది. మా అత్తమ్మ చెడ్డమనిషైతే నాకు ఇంత భయం ఉండేది కాదు, ఏడ్చి మొండికేసేదాన్ని. ఆమె చాలా మంచిది. ఆదివారమాదివారం వచ్చి, నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, "నీ చెయ్యి మీద రొట్టెలు మస్తు పొంగుతయట గద బిడ్డా" అని ముద్దుగా అనేది. ఆ ముద్దుకు నా వెన్ను జలదరించేది. అక్కడికి వెళ్తే మళ్ళీ తిరిగి రావడమనేది ఉండదని నాకు తెలుసు. ఎవరూ పొమ్మనరు, ఎవరూ రానివ్వరు, అంతే.

పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజులుందనగా గిర్నిలో మిరపకాయలు పట్టే రోజు వచ్చింది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే కాలం అది. ఆ రోజు కిందినుంచి ఘాటు లేచిందంటే మిషన్లు కూడా తుమ్ముతాయేమో అనిపించేది. సార్ భార్య అందరికీ సల్ల పంపారు. తాగాం. సార్ ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని డిక్టేషన్ ఇచ్చారు. ఏదో బ్యాంకు సామాన్లు కొన్న సంగతి. మా కాయితాలు తీసుకుని పంపేశారు.

మర్నాడు వెళ్ళేసరికి సార్ మొహం చింతపండులా ఉంది. బల్ల మీద మా పద్నాలుగు కాయితాలు పరిచి ఉన్నాయి.

"ఎవలది చూసి ఎవలు రాసిన్రు?"

సార్ ఎర్ర పెన్సిలుతో ఒక్కో కాయితాన్నీ తట్టుకుంటూ పోయారు.

"పద్నాలుగు మంది. అందరిదీ ఒక్కటే తప్పు. లార్జ్ స్టీల్ ఆల్మరా. లార్జ్ తర్వాత కామా ఏందిది? నడుమ అండ్ పెట్టి చదువుండ్రి. లార్జ్ అండ్ స్టీల్ ఆల్మరా అంటరా ఎవలన్న?"

పాన్‌డబ్బా వాళ్ళబ్బాయి ఒకడుండేవాడు, భయం తెలియనివాడు. వాడు లేచాడు. "చూసి రాయలే సార్."

"మరి?"

"మీరు ఆడ దగ్గిన్రు సార్."

"దగ్గితే?"

"మీరు ఆగిన్రంటే కామా సార్. రోజు గంతే గద."

ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. మెల్లగా నా వైపు తిరిగారు. "నువ్వు గూడనా?"

"గూడ సార్."

"మొన్న ఆనెస్ట్, హార్డ్‌వర్కింగ్ క్లర్క్ కాడ కామా సరిగ్గ పెట్టినవ్ గద. ఎందుకు పెట్టినవ్?"

నిజం చెప్పాలో, తెలివి చెప్పాలో తోచలేదు. తెలివి దొరక్క నిజమే చెప్పాను. "మీరు కొంచెం ఊపిరి తీసుకున్నరు సార్."

సార్ అప్పటికప్పుడు పుస్తకం తెరిచి, గడియారం ముల్లులాగా ఎక్కడా ఆగకుండా నాలుగు వాక్యాలు చదివారు. రాయమన్నారు. కామాలు పెట్టాల్సినవి ఆరు. నేను పెట్టినవి తొమ్మిది. అందులో సరైనది ఒకటి, అదీ పెన్ను జారి పడ్డదేమో.

సార్ కుర్చీలో కూర్చుండిపోయారు. తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. "ఏటేటా సగం మంది పరీక్షల పోతుంటే స్పీడు సాల్తలేదనుకున్న. ఇన్నేండ్ల సంది ఇంగ్లీషు చెప్తలేను నేను. నా ఊపిరి చెప్తున్న." తర్వాత మా వైపు చూసి, "పరీక్షల చదివేటాయన నా ముక్కుతోని చదువుతడా?"

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. ఆగమంటే ఆగి, మొత్తానికి ఆగమైపోయాను. అశోక్‌నగర్‌లో మా ఇంటిదాకా నడుస్తూ, దారిలో కనబడ్డ ప్రతి వస్తువునూ ఇంగ్లీషులో రెండు విశేషణాలతో చూసుకుని, మధ్యలో కామా ఉందో లేదో తెలియక, చేతిలో రొట్టెల పిండి అంటుకున్నట్టు వేళ్ళు పాముకున్నాను.

రెండో రోజు సార్ ఒక అన్నను వెంటబెట్టుకొచ్చారు. పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే అన్న. లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు పైకి చదువుతూ సార్ చెవిన పడ్డాడట.

"నేను చదివితే ఏం సమజ్ కాదు సార్" అని ముందే చెప్పుకున్నాడు పాపం. "మా ఊర్ల ఇంగ్లీషు సార్ మ్యాకలను తోలినట్టు చదివేటోడు. నాకు గదే వచ్చింది."

"గదే గావాలె నాయినా. తోలు" అన్నారు సార్.

అన్న తోలాడు. కామా లేదు, ఊపిరి లేదు, ఒక్కోసారి ఫుల్‌స్టాపు కూడా లేదు. మధ్య స్టేషన్లలో ఆగని రైలు. సార్ వెనక బెంచీలో నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు, తన ఊపిరి ఎక్కడ మా చెవిన పడుతుందోనని. ఆ రోజు నా కాయితం, ఎండుమిరపకాయలు ఆరబోసిన చాపలాగా తిరిగొచ్చింది.

సార్ పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పారు. రెండు విశేషణాలు పక్కపక్కన వస్తే, నడుమ అండ్ పెట్టి చూడు. తారుమారు చేసి చూడు. రెండు తీర్లా చెవికి బాగుంటే కామా. బాగలేకుంటే ఊరుకో. బాగానే ఉంది గానీ, నిమిషానికి ఎనభై మాటలు. నేను రెండు మాటల్ని తారుమారు చేసి చెవికి ఆనించుకునేలోపు అన్న నారాయణగూడ చౌరస్తా దాటేసేవాడు. నేను చిక్కడపల్లిలోనే చిక్కుకుని ఉండేదాన్ని.

ఇంట్లో నాయినమ్మ చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని గొణుక్కుంటున్నాను, ఓల్డ్ వుడెన్, వుడెన్ ఓల్డ్, ఓల్డ్ అండ్ వుడెన్.

"ఏంది బిడ్డా, మంత్రమా?"

చెప్పాను. ఆమెకు ఇంగ్లీషు ఏ బీ సీలు కూడా రావు. కానీ ఎవరు ఎవరి పక్కన నిలబడాలి, ఎవరు ఎవరి వెనక నిలబడాలి అనే సంగతిలో మా ఇంటావంటా ఆమెను మించినవాళ్ళు లేరు.

"అంటే కొన్ని మాటలు తోడికోడండ్లన్నట్టు" అంది, ఒక గింజ విసిరేసి. "ఇద్దరూ ఒక్క తీరుగనే ఇంట్లకొచ్చిన్రు. ఎవలు ముందు నిలవడ్డా ఒకటే. నడుమ గోడ గావాలె, లేకుంటే కొట్లాట."

"మరి ఓల్డ్ వుడెన్ చైర్?"

"అర్థం చెప్పు."

"పాత కట్టె కుర్చీ."

"కట్టె అన్నది కుర్సీకి కన్నబిడ్డ గాదె? అది తల్లి కొంగు ఇడుస్తదా? పాత అన్నది బయటికెల్లి వచ్చిన కోడలు. అత్తింటి బిడ్డకూ కోడలికీ వరుస ఉన్నది. వరుస ఉన్నోళ్ళ నడుమ గోడెందుకు?"

సార్ పద్దెనిమిది రోజుల్లో చెప్పాలనుకున్నది చింతపండు చాట ముందు తేలిపోయింది. అయినా నా భయం తేలలేదు. "చదువుకుంట పోతుంటే ఈ వరుసలు చూసే టైమే ఉండదు నాయినమ్మా. చెయ్యి పోయి గోడ కట్టేస్తది."

"పెండ్లికి చుట్టాలు వచ్చేటప్పుడు వాకిట్ల నిలవడి వరుసలడుగుతమా?" అంది. "ముందు అందరినీ ఇంట్లకు రానియ్యి. కూసున్నంక చూసుకో ఎవలు ఎవలకేమైతరో."

అప్పటినుంచి నేను డిక్టేషన్ తీసుకునేటప్పుడు కామా గుర్తే పెట్టడం మానేశాను. చెయ్యి దురదపెట్టేది. అన్న ఎక్కడన్నా తుమ్మితే పెన్సిలు దానంతటది వంగేది. ఎర్ర గీతలు పదకొండు నుంచి ఏడుకు, ఏడు నుంచి నాలుగుకు దిగాయి. నాలుగు దగ్గర మొండికేశాయి. అవి ఇంకా తగ్గకముందే పరీక్ష వచ్చేసింది. ముందటి ఆదివారం అత్తమ్మ నాకోసం ఒక పెట్టె ఖాళీ చేసి పెట్టానని చెప్పి వెళ్ళింది.

పరీక్ష నారాయణగూడలో ఒక బడిలో. సార్ మాతో గేటు దాకా వచ్చి ఆగిపోయారు. తలా ఒక పెన్సిలు చేతిలో పెట్టారు.

"నేను లోపటికి రాను. నా దగ్గు వినవడితే మళ్ళ ఆగమైతరు."

చదివేందుకు వచ్చినాయన సన్నగా, నున్నగా దువ్విన తలతో ఉన్నారు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. మొదలుపెట్టారు. గొంతు సాఫీగా ఉంది. కానీ మాటల వేగం తప్పకూడదని, ప్రతి పావు నిమిషానికీ ఒకసారి గడియారం వైపు చూస్తున్నారు. చూసినప్పుడల్లా ఒక రెప్పపాటు ఆగుతున్నారు. సరిగ్గా మా సార్ ఆగినంత.

ఒక ఊరు, ఒక ప్రయాణం గురించిన పాఠం అది. "ఎ లిటిల్" అన్నారు, గడియారం చూశారు, "ఓల్డ్ రైల్వే స్టేషన్" అన్నారు. నా చుట్టూ పెన్సిళ్ళు టక్కుమని తగలడం వినబడింది. మా వాళ్ళ పెన్సిళ్ళే. పద్దెనిమిది రోజుల చదువు మీద ఏళ్ళ అలవాటు ఎక్కి కూర్చుంది. నా వేలు కూడా వంగింది. ఈ ఒక్క రెప్పపాటుకు నేను లొంగితే మిగతావాటికీ లొంగిపోతానని తెలుసు. ముందు అందరినీ ఇంట్లకు రానియ్యి, అనుకున్నాను. పెన్సిలు ఎత్తి ముందుకు పోయాను.

తిరగరాసేటప్పుడు తీరిగ్గా వరుసలు అడిగాను. లాంగ్, టైరింగ్ జర్నీ. తోడికోడండ్లు, గోడ కట్టాను. స్మాల్ వుడెన్ బ్రిడ్జ్. కట్టలేదు. లిటిల్ ఓల్డ్ రైల్వే స్టేషన్ దగ్గర ఆగి తారుమారు చేసి చూశాను, ఓల్డ్ లిటిల్ అంటే చెవికి పొసగలేదు. పక్కనున్న అమ్మాయి కామా పెట్టింది, కళ్ళకు కనబడుతోంది. ముందు పాన్‌డబ్బా వాళ్ళబ్బాయి పెట్టాడు, వాడి మోచేయి ఊపులోనే తెలిసింది. హాలంతా ఒకటి, నేనొక్కదాన్ని ఒకటి. చెమటకు కాయితం చేతికి అంటుకుంది. కామా లేకుండానే ఇచ్చేశాను.

బయటికి రాగానే మావాళ్ళు చెప్పింది విని, సార్ ఆ రైల్వే స్టేషన్ సంగతే నన్ను అడిగారు. నేను పెట్టలేదన్నాను.

"ఎందుకు పెట్టలే?"

"వరుస ఉన్నోళ్ళు సార్."

సార్‌కు అర్థం కాలేదు. కానీ తల ఊపారు.

ఫలితాలకు రెండు నెలలు. ఆ రెండు నెలలూ నేను కన్నది కలలు కాదు, కామాలు. అత్తమ్మ రెండుసార్లు వచ్చింది. రెండోసారి బర్రె ఈనిందని జున్ను తెచ్చింది. అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. నాకు ముద్ద దిగలేదు. వానలు పడ్డాక ఒక పొద్దున బోర్డు మీద నెంబర్లు అంటించారు. నా నెంబరు ఉంది. మూడుసార్లు చూసుకుని, నాలుగోసారి వేలు పెట్టి చూసుకున్నాను. మా పద్నాలుగు మందిలో తొమ్మిది మందివి ఉన్నాయి. నాయిన వకీలు సాబ్ ఆఫీసు దాకా గొడుగు పట్టుకుని తోడొచ్చాడు.

నాయినమ్మ చేసిన సర్వపిండి డబ్బాలో పెట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. సార్ ఒక ముక్క తిని, చేతులు తుడుచుకుని, నేను రోజూ కూర్చునే బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నారు. జేబులోంచి పెన్సిలు తీశారు.

"ఆ పుస్తకం తియ్యి. చదువు. అన్న తీరుగ చదువాలె."

"సార్?"

"నాకు నేర్పిన పెద్దసారు గూడ ఆగి ఆగి చెప్పెటోడు. ముప్పై ఏండ్లు ఆయన ఊపిరే రాసిన నేను. నాకు నిజంగ వస్తదా రాదా, తెల్వాలె గద."

పుస్తకం తీశాను. ఎక్కడా ఆగకుండా చదివాను. సార్ వంచిన తల ఎత్తకుండా రాశారు. తిరగరాసి, కాయితాన్నీ ఎర్ర పెన్సిలునూ నా ముందుకు జరిపారు. మూడు తప్పులున్నాయి. నేను కాయితం వైపు చూస్తూ కూర్చున్నాను.

"గీత పెట్టు. నేను మీకు పెట్టలేదా?"

పెట్టాను, మూడూ. సార్ వాటిని ఒక్కొక్కటిగా చూసుకుని, "ఇంకొకటి చదువు" అన్నారు.

రెండో పాఠం మొదలుపెట్టాను. మొదటి కామా దగ్గరికి వచ్చేసరికి, సార్ బట్టతల మీద సన్నగా మెరుస్తున్న చెమట కనబడింది. నేను కొంచెం ఊపిరి తీసుకున్నాను. రెండోదాని దగ్గర కూడా. చివరిదాకా అట్లాగే చదివాను.

ఈసారి ఒక్క తప్పు లేదు. సార్ అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఊపిరి తీసుకున్నవ్."

"తీసుకున్న సార్."

ఆ తర్వాత కొన్నేళ్ళకు గిర్నీ పోయింది, మేడా పోయింది. ఇప్పుడక్కడ ఏముందో చూడటానికి నేను ఆ సందులోకి తిరగను. వకీలు సాబ్ దగ్గర నేను చాలా ఏళ్ళు చేశాను. ఆయన పాన్ నములుతూ చెప్పేవారు, ఎక్కడ ఆగుతారో ఆయనకే తెలియదు. నేను వరుసలు అడుక్కుంటూ రాసేదాన్ని. సార్ మళ్ళీ ఎప్పుడూ డిక్టేషన్ చదవలేదని, ఉన్నన్నాళ్ళూ హాస్టల్ అన్నల చేతనే చదివించారని విన్నాను. వెనక బెంచీలో కూర్చుని పిల్లలతోపాటు రాసేవారట.

ఆ రోజు నేను ఇంటికి బయలుదేరేముందు, సార్ మూడు ఎర్ర గీతలున్న కాయితాన్ని గోడకు గుచ్చారు, బ్యాచ్ వాళ్ళందరికీ కనబడేట్టు. ఒక్క తప్పూ లేని రెండో కాయితాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. దాన్ని ఎవరికీ చూపించలేదనే అనుకుంటాను.